తడి చంద్రుడి మీద చిన్న చెయ్యి

మా పెద్దమ్మ ఒక ప్రయోగశాలలో, ఫొటోలు కడిగే ఎర్రదీపం గదిలో పనిచేసేది. వ్యోమనౌక చంద్రుడి చుట్టూ తిరుగుతూ తీసిన బొమ్మలు ఆ ప్రయోగశాలకు సన్నటి పట్టీలుగా వచ్చేవి. వాటిని వరసగా అతికించి, మళ్లీ ఫొటో తీసి, పెద్ద కాగితాల మీద ప్రింటు వేసేవారు. మందునీళ్ల తొట్టిలో తెల్లకాగితం మీద గుంటలూ గుట్టలూ మెల్లగా తేలుతుంటే పెద్దమ్మ నవ్వేది.

"పిల్లలకు మేనమామ అని చెబుతాంగానీ, మొహం నిండా మశూచి మచ్చలేనే!"

ఆమెకు ఒక్కతే కూతురు, మూడేళ్ల పాపాయి. ఓ రోజు పాపను చూసుకునే పక్కింటావిడ ఊరెళ్లడంతో వెంట తీసుకెళ్లి, ప్రింట్లు ఆరేసే గదిలో ఎత్తుపీట మీద కూర్చోబెట్టింది. అటు తిరిగి ఇటు తిరిగేలోగా పాపాయి తడి ప్రింటు మీద అరచెయ్యి ఆనించేసింది.

"అమ్మా, మామయ్య చల్లగా ఉన్నాడే!"

తడికి మెత్తబడిన కాగితం పూత మీద అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి.

"ఇదేమన్నా పిల్లల్ని ఆడించే చోటా?" అని సూపర్‌వైజర్ అరిచాడు. పెద్దమ్మ బిక్కచచ్చిపోయి, ఆ ప్రింటును తనే చెత్తబుట్టలో పడేసి ఇంకోటి తీసింది.

ఆ వానాకాలంలోనే పాపాయికి జ్వరం వచ్చింది. తలకెక్కింది. తగ్గలేదు.

పాపను సాగనంపి వచ్చాక పెదనాన్న గోడకేసి చూస్తూ అన్నాడు: "ఒక్క ఫొటో అయినా తీయించలేదు కదే."

జుట్టు కాస్త పెరగనీ, రెండు జడలు వేసి తీయిద్దామని పెద్దమ్మే వాయిదా వేస్తూ వచ్చింది. రోజంతా ఫొటోలతోనే బతికే మనిషి.

అప్పుడు ఆమెకు ఆ ప్రింటు గుర్తొచ్చింది. పడుతూ లేస్తూ ప్రయోగశాలకు పరుగెత్తింది. విషయం వినగానే సూపర్‌వైజర్ తనే ఆమెను తుక్కు గోదాముకు తీసుకెళ్లాడు. అక్కడి మనిషి బూడిద బస్తాలు చూపించాడు.

"కాగితాలన్నీ కాల్చేశామమ్మా. కాలిస్తేనేగా ఫొటో పూతలో ఉండే వెండి చేతికొచ్చేది."

పెద్దమ్మ బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవింది. ఏముంటుంది?

"నేను ఆ రోజు అలా అరవకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు సూపర్‌వైజర్.

"బుట్టలో వేసింది నా చేతులేగా సార్."

పెద్దమ్మ ఉద్యోగం మానలేదు. ప్రయోగశాల మూసేసినప్పుడు మిగిలిన ప్రింట్లు పంచిపెడితే మాత్రం ఒక్కటీ తెచ్చుకోలేదు. ఇప్పుడవి అపురూపమట. వెతుక్కుంటూ వచ్చిన ఒకాయన, "మీ దగ్గర ఒక్కటైనా లేదా అమ్మా?" అని అడిగితే, "లేదు నాయనా," అని మంచినీళ్లిచ్చి పంపింది.

పాప పోయిన ఏడాదే పెదనాన్న పట్టుబట్టి ఆమెను స్టూడియోకు తీసుకెళ్లాడు, కనీసం మనిద్దరిదైనా ఒకటి ఉండాలని. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. "కాస్త దగ్గరికి జరగండి," అన్నాడు ఫొటోగ్రాఫర్. ఎవరూ జరగలేదు. ఆ ఫొటోలో వాళ్లిద్దరి మధ్య ఒక పిల్ల పట్టేంత చోటు ఉంది. పెద్దమ్మ దాన్ని ఏనాడూ గోడకు తగిలించనివ్వలేదు.