అంగుళానికి మించి కదలరాదు

జీవితమంతా ఇతరులకు పరీక్షలు పెట్టి బతికినవాణ్ణి. రిటైరయ్యాక నా కూతురే నాకు పరీక్ష పెడుతుందని కలలో కూడా అనుకోలేదు. ప్రశ్నపత్రం బదులు పెద్ద అట్టపెట్టె పంపింది. అందులో పిల్లల కారు సీటు ఉంది.

సంగతేమిటంటే, అమ్మాయీ అల్లుడూ షోళింగనల్లూరులో ఉంటారు. ఇద్దరివీ ఐ.టి. ఉద్యోగాలు. నేనూ మా ఆవిడా టి. నగర్ వెనక వీధుల్లో, మా తాతల కాలం నుంచీ ఉన్న పేటలోనే ఉన్నాం. రెండేళ్ళు నిండగానే మనవరాలిని వాళ్ళ ఇంటి దగ్గర ప్లేస్కూల్లో వేశారు. మధ్యాహ్నానికే వదిలేస్తారు. అల్లుడు ఇంటి నుంచి పనిచేసే రెండు రోజులూ సరే, మిగతా మూడు రోజులు సాయంత్రం దాకా పిల్లను ఎక్కడ ఉంచాలన్నది సమస్య. బడి పక్కనే డేకేర్ ఉందన్నాడు అల్లుడు. నేనుండగా డేకేర్ ఏమిటి, కారులో వచ్చి మా ఇంటికి తీసుకుపోతాను, సాయంత్రం మీరొచ్చి తీసుకెళ్ళండి అన్నాను. ఆ మాట అనేటప్పుడు పెద్ద త్యాగం చేస్తున్నట్టు ముఖం పెట్టాను. నిజానికి ఆ మూడు మధ్యాహ్నాలూ నాకే కావాలి. ఆ పిల్ల ఇంట్లో ఉంటేనే రోజు గడిచినట్టుంటుంది. మిగతా రోజుల్లో నేను చేసే పనల్లా పేపరు చదవడం, చదివినదాని మీద మా ఆవిడ దగ్గర కోప్పడటం.

"సరే నాయినా," అంది అమ్మాయి ఫోన్లో. "అయితే సీట్లో కూర్చోబెట్టే తీసుకొని పోవాల. ఆ సీటు నువ్వే బిగించాల, నేను వచ్చి చూస్తా. సరిగ్గా లేకుంటే డేకేరే."

నేను నవ్వాను. "నిన్నెట్ల పెంచినామే? మీ అమ్మ ఒళ్ళో పెట్టుకొని కాళహస్తికీ తిరుపతికీ తిప్పలేదా? ఏమైంది నీకు?"

"ఏం కాలేదు. అదృష్టం."

"మీ అమ్మ గట్టిగా పట్టుకోని ఉండ్లా?"

"పట్టుకుంటారు నాయినా. ఆ సంగతి నాకు తెలుసు. పట్టుకోలేరని మీకే తెలీదు," అంది.

నాకు ఒళ్ళు మండింది. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయినవాణ్ణి. బస్సు హఠాత్తుగా ఆగితే నిలబడినవాడు ముందుకెందుకు తూలుతాడో ఈ ఊళ్ళో సగం మంది ఇంజినీర్లకు నేనే చెప్పానని నా నమ్మకం. జడత్వం గురించి నాకు మా అమ్మాయి పాఠం చెప్పడమా? పది నిముషాల్లో బిగించి చూపిస్తానని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఎండ ఎక్కకముందే కారు దగ్గర పెట్టె విప్పాను. లోపల ఒక పుస్తకం ఉంది. అందులో నేను పేరు కూడా పోల్చుకోలేని భాషలు ఎన్నో ఉన్నాయి గానీ తమిళం లేదు, తెలుగు అసలే లేదు. ఇంగ్లీషు ఉంది, కానీ నేను చదవలేదు. ల్యాబు మాన్యువల్స్ రాసినవాడు మాన్యువల్ చదువుతాడా?

మొదటి చిక్కు సీటు పెట్టగానే వచ్చింది. వెనక సీటు బెల్టు పక్కన వేలాడుతోంది గానీ దాన్ని తగిలించే బకిల్ ఎక్కడా కనబడలేదు. కాసేపు వెతికాక గుర్తొచ్చింది. కారు కొన్న వారమే సీట్లకు కవర్లు కుట్టించాను. వెనక బకిల్స్ బయటికి రావడానికి సందు వదలమంటారా అని కుట్టేవాడు అడిగాడు. కూర్చుంటే గుచ్చుకుంటాయి, వెనక ఎవడు కట్టుకుంటాడయ్యా, లోపలికి తోసేసి కుట్టెయ్ అన్నాను. ఆ పనితనాన్ని చుట్టాలందరికీ చూపించి మురిసిపోయాను కూడా. ఇప్పుడు ఆ కవరు కింద చెయ్యి దూర్చి, కానుపు చేసే మంత్రసానిలా తడుముతూ కూర్చున్నాను.

మా ఆవిడ వంటింటి కత్తెర పట్టుకొచ్చింది. "కోసేదా?" అంది. ఆమెకు ఆ కవరు మొదటినుంచీ నచ్చలేదు, ఎండాకాలం వీపు కాలుతుందంటుంది. నేను ఇంకా ఆలోచిస్తుండగానే కోసేసింది. లోపల బకిల్ ఫ్యాక్టరీ ప్లాస్టిక్ సంచీ కూడా ఊడకుండా కొత్తదిలా ఉంది. దాని చుట్టూ ఏదో గుడి ప్రసాదం తాలూకు కలకండ పలుకులు, వాటిని పట్టుకుని ఒక చీమల సంసారం.

రెండో చిక్కు బెల్టు. ఎంత లాగితే అంత వస్తోంది. సీటు చుట్టూ తిప్పి తగిలించి, బిగించానని అనుకుని సీటును ముందుకు నెడితే బెల్టు కూడా మర్యాదగా దాంతోపాటే వస్తోంది. బెల్టు పాడయిందని తేల్చేశాను. ఈ కాలపు కార్ల కంపెనీల నాణ్యత గురించి మా ఆవిడకు చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఆ కోపంలో బెల్టును గట్టిగా ఒక్క గుంజు గుంజాను. టక్కున బిగుసుకుంది. వదిలి మెల్లగా లాగాను, వచ్చింది. గుంజాను, ఆగింది. లాగాను, వచ్చింది.

"ఏమండి, ఆడుకుంటా ఉండారా?" అంది మా ఆవిడ.

అప్పుడు వెలిగింది నాకు. ఆ బెల్టు చెడిపోలేదు. మామూలుగా కదిలితే వదులుతుంది, హఠాత్తుగా ఈడిస్తే ఆపుతుంది. నేను సుద్దముక్కతో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన పాఠమే, నా కారులో, నా వీపు వెనకే ఇన్నేళ్ళుగా పనిచేస్తోంది. దాన్ని పట్టుకుని చెడిపోయిందన్నాను. ఈ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. "ఇది ఇట్లనే ఉంటుంది," అన్నాను గంభీరంగా.

సీటు మీద బెల్టు దూర్చడానికి రెండు దారులున్నాయి. ఒకదానికి నీలం గుర్తులు, ఇంకోదానికి ఎర్ర గుర్తులు. ల్యాబులో ఎర్ర తీగ ముట్టుకోవద్దని పిల్లల మీద అరిచి అరిచి ఎరుపంటే నాకే భయం పట్టుకుంది. ఆలోచించకుండా నీలంలోంచి దూర్చాను. తర్వాత చెమటతో లోపలి బనియను దాకా తడిసి పైకి వెళ్ళి, పని పూర్తయిందని అమ్మాయికి ఫోన్ చేసి కోతలు కోశాను.

ఆదివారం అమ్మాయి వచ్చింది. మనవరాలిని చంకనేసుకుని, ఖాళీగా ఉన్న చేత్తో సీటును బెల్టు దూరే చోట పట్టుకుని ఒక్కసారి ఊపింది. సీటు తల వాల్చి తలుపుకు ఆనుకుంది, బస్సులో కిటికీ పక్కన నిద్రపోయేవాడిలా.

"ఈడ పట్టుకొని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు నాయినా," అంది. "పైగా నీలం పసిబిడ్డలకు, వెనక్కి తిప్పి కూర్చోబెట్టేదానికి. దీనికి ఎరుపులో పోవాల. అరియర్."

ఇక్కడి కాలేజీల్లో తప్పిన పేపరును అరియర్ అంటారు. ఆ మాట ఎన్ని వందల మందితో అన్నానో లెక్క లేదు. నన్ను ఒకరు అనడం అదే మొదలు. తల కొట్టేసినట్టయింది. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. "నేను రేపే డేకేర్‌లో చెప్పేస్తా. నువ్వు తీరిగ్గా నేర్చుకో," అని పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. నేను కోప్పడటానికి కూడా ఆమె ఏ సందూ ఇవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక ఊరికే కూర్చోలేక ఆ లెక్క చేశాను. నేను క్లాసులో ఎప్పుడూ ఇచ్చే లెక్కే. అందులో 'ఒక ప్రయాణికుడు' అని ఉంటుంది, బరువు అరవై కిలోలు. అంత కాలం చెప్పినా ఆ ప్రయాణికుడికి ఒక ముఖం ఉంటుందని నాకు తోచలేదు. ఇప్పుడు అరవై తీసేసి పదకొండు వేశాను. బండి వేగం నలభై, గుద్దుకుని రెప్పపాటులో ఆగిందనుకున్నాను. ఆ క్షణంలో పిల్లను పట్టుకోవాలంటే నూరు కిలోలు దాటిన బరువును ఆపినంత బలం కావాలని వచ్చింది. మళ్ళీ చేశాను, అదే వచ్చింది. కొట్టువాడు పాతిక కిలోల బియ్యం మూట గుమ్మంలో దించిపోతే వంటింటి దాకా ఈడ్చలేని చేతులు నావి. మా ఆవిడవి ఇంకా సన్నవి. నాకు నిజంగా భయం వేసింది. ఆ సాయంత్రం చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

మా ఆవిడకు చెప్పాను. మొత్తం విని, "మీ లెక్కలు మీరే పెట్టుకోండి. బిడ్డ ఏడిస్తే మాత్రం నేను చూస్తా ఉండలేను," అంది.

మర్నాడు కళ్ళజోడు పెట్టుకుని మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివాను. ఎర్ర దారిలోంచి బెల్టు దూర్చి, బకిల్‌లో తగిలించి, పిల్ల కూర్చునే చోట ఒక మోకాలు పెట్టి ఒంటి బరువంతా మోపి, సీటు కిందికి అణిగినప్పుడు బెల్టును పైకి లాగి, అది మళ్ళీ వదులు కాకుండా పక్కనున్న క్లిప్పు మూయాలి. రాయడం సులభం. నా మోకాలికి నేల మీద కూర్చునే అర్హత లేదని డాక్టరు ఎప్పుడో తేల్చాడు. ఒక కాలు బయట నేల మీద, ఒక మోకాలు సీట్లో, తల కారు కప్పుకు నొక్కుకుని, మిగతా శరీరం వీధికి చూపిస్తూ వేలాడాను. అదే సమయానికి కింది వాటా తమిళాయన పాలు తీసుకుని వస్తూ ఆగాడు.

"ఎన్న సార్, వండిక్కు పూజయా?" అన్నాడు. బండికి పూజ చేస్తున్నానని అనుకున్నాడు పాపం.

"ఆమా," అని ఒప్పేసుకున్నాను. ఆ భంగిమలో అంతకంటే వివరించే ఓపిక లేదు. ఆయన చెప్పులు విడిచి, కారుకు ఒక దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

క్లిప్పు మూశాక తెలిసింది, సీటుతోపాటు నేను కూడా బిగుసుకుపోయానని. మోకాలు రాలేదు. మా ఆవిడ వచ్చి నడుం పట్టుకుని లాగితే బయటపడ్డాను. కుంటుకుంటూ వెళ్ళి సీటును పట్టుకుని ఊపాను. సీటు కదల్లేదు, కారు ఊగింది.

బుధవారం సాయంత్రం ఆఫీసు కాగానే డేకేర్ నుంచి పిల్లను తీసుకుని అమ్మాయి సరాసరి ఇటే వచ్చింది. రెండు చేతులతో ఊపింది. తర్వాత పిల్లను కూర్చోబెట్టి, భుజాల మీది పట్టీలు బిగించి, పట్టీని రెండు వేళ్ళతో మడతపెట్టి గిల్లడానికి చూసింది. వేళ్ళకు దొరకలేదు. "పాస్," అంది. ఫస్ట్ క్లాసు ఇస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. "సోమవారం నుంచి పో నాయినా," అంది, అంతే.

సోమవారం మధ్యాహ్నం బడి గేటు దగ్గర మనవరాలు నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. ఎత్తుకుని ముద్దుపెట్టుకుని సీట్లో కూర్చోబెట్టి పట్టీలు బిగించాను. మా ఆవిడ వెనక దాని పక్కన కూర్చుంది. బండి కదిలిందో లేదో పిల్ల రెండు చేతులూ చాచింది.

"తాతా, తూక్కు," అంది. ఎత్తుకొమ్మని. దానికి తెలుగు కంటే బడి తమిళమే ముందు వస్తుంది.

నేను ఎత్తుకోలేదు. అది నమ్మలేనట్టు నావైపు చూసి ఏడుపు మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు. నేనేదో మోసం చేశానని ఊరందరికీ చెప్పే ఏడుపు. ఐ.టి. ఆఫీసులన్నీ దాటుతున్నా ఆగలేదు. పక్కన స్కూటర్ల వాళ్ళు కిటికీలోంచి నన్ను తేరిపార చూశారు. మా ఆవిడ నీళ్ళు పట్టింది, పాట పాడింది, గాజులు ఆడించింది.

"ఏమండి, ఐదు నిముషాలు తీస్తే ఏమైపోతాది? నా ఒళ్ళో పెట్టుకుంటా, మీరు మెల్లగా పోండి," అంది చివరికి. ఆమె చెయ్యి పట్టీ మీది బటన్ దాకా వెళ్ళడం అద్దంలో కనబడింది.

బండిని ఎడమపక్కకు తీసి ఒక టీకొట్టు ముందు ఆపేశాను. "నువ్వు తీస్తే బండి కదలదు," అన్నాను.

"మీరు మనిషేనా?"

వెనక్కి తిరిగాను. పిల్ల ముఖమంతా ఎర్రబడి, ముక్కు కారుతూ, చేతులు ఇంకా నావైపే చాచి ఉంది. ఒక్క నిముషం ఎత్తుకుంటే ఆ ఏడుపు ఆగిపోతుందని నాకు తెలుసు. నాకు ఎత్తుకోవాలనే ఉంది. నేను ఇన్ని తంటాలు పడింది ఆ పిల్లను దగ్గర పెట్టుకోవడానికేగా. కానీ నా చేతుల సంగతి నాకు తెలిసిపోయింది. పట్టీ వదులు కాలేదని చూసుకుని, ముందుకు తిరిగి బండి నడిపాను. గొంతు బొంగురుపోయినా ఇల్లు చేరేదాకా అది "తూక్కు తాతా" అంటూనే ఉంది.

ఇంటి ముందు పట్టీలు విప్పి ఎత్తుకోబోయాను. నా చెయ్యి తోసేసి వాళ్ళ అవ్వ మెడ పట్టుకుంది. ఇద్దరూ నావైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయారు. అన్నం కంచం నా ముందుకు వచ్చింది గానీ దాంతోపాటు మాట రాలేదు. పిల్ల ఆవిడ కొంగు వెనకనుంచి నన్ను చూసి, నేను చూడగానే ముఖం దాచుకుంది.

నాలుగింటికి అమ్మాయి ఫోన్ చేసింది.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

"ఎంతసేపు?"

"ఇల్లు వచ్చేదాకా."

"తీసినారా?"

"లేదు."

"అమ్మ అడగలేదా?"

"అడిగింది. బండి ఆపేసినా."

వాళ్ళ ఆఫీసులో ఎవరో నవ్వుకుంటున్న చప్పుడు వినబడింది. "ఎల్లుండి కూడా నువ్వే పో నాయినా," అంది.

ఆ రోజు ఇల్లు చేరాక సాయంత్రం దాకా నాతో మాట్లాడింది నా కూతురొక్కతే, అదీ ఫోన్లో.