పాలెంలో ముప్పై ఆరు కుప్పలు

మా చిన్నప్పుడు... పొద్దున్నే పెద్దవల ఒడ్డుకు వస్తోందంటే మా పాలెంలో ఏ ఇంట్లోనూ మనిషి కనబడేవాడు కాదు. అందరూ ఇసుకలోనే. ఆ వల లాగాలంటే రెండు తాళ్ళకూ కలిపి నలభై మంది కావాలి మరి... మగవాళ్ళు చాలక ఆడవాళ్ళూ, బడి ఎగ్గొట్టి మేమూ తాడు పట్టేవాళ్ళం.

వల విప్పాక అసలు తంతు మొదలయ్యేది. మా పాలెం పెద్ద పోలయ్య తాత చేపల్ని ఇసుక మీద ముప్పై ఆరు కుప్పలు పోయించేవాడు. పొయ్యి వెలిగే ప్రతి ఇంటికీ ఒక కుప్ప. ఆ ఇంటివాళ్ళు తాడు లాగినా లాగకపోయినా సరే.

తరువాత తాత కుప్పలకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడేవాడు... ఏ కుప్ప పెద్దదో తన కంట పడకూడదని. ఎవరో ఒకరు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవురికి?" అని అడగాలి. తాత ఒక ఇంటి పేరు పిలవాలి. ఆ ఇంటివాళ్ళు "ఉండాం!" అని పలికి, చేపల్ని తట్టలోకి ఎత్తుకోవాలి.

నాకు ఊహ తెలియకముందే మా నాన్న పోయాడు. మగదిక్కు లేని ఇల్లు మాది. అయినా "కాంతమ్మ ఇల్లు!" అని తాత పిలవని రోజు లేదు. అమ్మ నన్నే పలకమనేది. గొంతు చించుకుని "ఉండాం తాతా!" అని అరిచేదాన్ని... ఒకరోజు తాత నవ్వి, "నాకింకా చెవుడు రాలేదు మే" అన్నాడు.

వలలో పడ్డ కవళ్ళ చేపలు మట్టిచట్టిలో మామిడికాయతో ఉడుకుతుంటే వచ్చే వాసన... ఇప్పటికీ మరిచిపోలేను.

బస్సులో మా పక్కన కూర్చోవాలంటే పై ఊళ్ళవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. బడిలో మాకు వెనక వరసే. లేనివాళ్ళమే, కాదనను. కానీ ఆ ముప్పై ఆరు ఇళ్ళలో ఒక్క ఇల్లు పస్తు పడుకున్నట్టు నాకు గుర్తు లేదు.

తరువాత సముద్రంలో పెద్ద బోట్లు ఎక్కువయ్యాయి... ఒడ్డుకు చేప రావడం తగ్గిపోయింది. తడ దగ్గర కంపెనీలు వచ్చాయి. తెల్లారేసరికి వాటి బస్సు వచ్చి రోడ్డు మీద హారన్ కొట్టేది. ముందు ఇంటికొకరు ఎక్కారు. తరువాత ఇంటిల్లిపాదీ అక్కడే అద్దెకు చేరారు. నేనేమీ తక్కువ తినలేదు... నేనూ ఆ బస్సు ఎక్కినదాన్నే, అమ్మను కూడా తీసుకుపోయినదాన్నే. నెల జీతం, పక్కా ఇల్లు, ఫ్రిజ్... వెళ్ళినవాళ్ళం బాగుపడ్డాం. ఉండిపోయినవాళ్ళే అన్యాయమైపోయారు. అమ్మ నా దగ్గరే కన్నుమూసింది.

మొన్న ఆదివారం ఇంటి తాళం మార్చి వద్దామని పాలెం వెళ్ళాను. పెద్దవల లేదు, దాన్ని లాగే మనుషులూ లేరు. చిన్న వల ఒకటి, పన్నెండు మంది... అందరివీ నెరిసిన తలలే. పడినవి రెండు తట్టల చేపలు. పోలయ్య తాతకు చూపు దాదాపు పోయింది. అయినా పంచేది ఆయనే.

"ముప్పై ఆరు పొయ్యండిరా" అన్నాడు.

ముసలాయన మాట కాదనలేక గుప్పెడు గుప్పెడు చేపలతో ముప్పై ఆరు కుప్పలూ పోశారు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

తాత సముద్రం వైపు తిరిగాడు. పాత వరసలోనే, తూర్పు కొస నుంచి పిలుస్తున్నాడు... మొదటి పేరుకు సన్నగా ఒక గొంతు "ఉండాం" అంది. తరువాత మూడు పేర్లకు ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి ఇంకో పేరు పిలుస్తాడు. ఎవరూ ఎత్తుకోని కుప్పల మీద కాకులు వాలుతున్నాయి.

"కాంతమ్మ ఇల్లు!"

నేను ఆయనకు మూడడుగుల దూరంలోనే ఉన్నాను. ఉండాం అందామని నోరు తెరిచాను... మా పొయ్యి ఆరిపోయి ఏడేళ్ళు. ఏ మొహం పెట్టుకుని అనను?

"కాంతమ్మ ఇంట్లో ఎవురూ లేరా?" మళ్ళీ అడిగాడు తాత.

"లేరు తాతా" అన్నాను.

నా గొంతు ఆయన పోల్చుకోలేదు. ఎవరో కొత్తమనిషితో అన్నట్టు "సరేనమ్మా" అని, తరువాతి ఇంటిని పిలిచాడు.

మీ వీధిలో ఇప్పుడెవరైనా మీ ఇంటి పేరు పిలిస్తే పలికేవాళ్ళు ఉన్నారా? ఉంటే కింద రాయండి... ఒక్కరైనా "ఉండాం" అంటే వినాలని ఉంది.