రెండో గడిలోని అంకె

కరెంటు తిరిగి రాగానే ప్రింటరు గర్రుమని మేలుకుంటుంది. వేడెక్కిన కాగితం వాసన పజుండౌంగ్ పేట‌లోని మా ఇరుకు గదంతా నిండుతుంది. ఆ వాసన తగిలితే సత్యం సయా నా వెనక నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. ఇక్కడి దేశభాషలో గురువునీ యజమానినీ కూడా సయా అనే పిలుస్తాం. ఆయన నాకు రెండూ. రక్తపరీక్షల లాబులకు రిపోర్టులు అచ్చువేసే ప్రోగ్రాములు రాసేవారు. మా తెలుగు చర్చి సంఘంలో పెద్ద కూడా.

ఆయన వాడే ప్రోగ్రామింగ్ భాషలో అంకెలను ఒక్కొక్కటిగా తీసుకోనక్కర్లేదు. ఒక గుర్తు పెడితే పట్టికంతా ఒక్కసారే కదులుతుంది. "ఆదివారం పాట ఎత్తుకుంటే బెంచీలన్నీ ఒక్కపాలే లేస్తాయి కదేటి? అలాగన్నమాట" అనేవారు. నేను చేరిన కొత్తలో పెద్ద పెద్ద అంకెలను రెండుగా విడదీసే పని ఇచ్చారు. ముప్పై లక్షలైతే ఒక గడిలో మూడు, దాన్ని పదితో ఎన్నిసార్లు హెచ్చించాలో చెప్పే ఆరు పక్క గడిలో. మొదటిది మాంటిసా, రెండోది ఘాతం. పట్టిక మొత్తానికి లాగరిథమ్ తీసి, అందులోని పూర్ణాంకాన్ని ఘాతంగా ఉంచి, అసలు అంకెను పదితో అన్నిసార్లు భాగించి మాంటిసా రాబట్టాను. మురిసిపోతూ మొదటి గడి చదవబోతే ఆయన వేలు అడ్డుపెట్టారు.

"ఓలమ్మీ, ముందు గాతం సూడు. మూడా, ఎనిమిదా అన్నది తరవాత. గాతం ఒక్కటి పెరిగితే పదింతలు."

"మరి దాన్నే ముందు గడిలో ఎడితే పోదా సయా?"

"లాబోళ్ళు ఒప్పుకోరు. నువ్వు ఒప్పించు, నీకు గిన్నెడు మొహింగా పులుసు కొనిపెడతాను."

కొన్నేళ్ళకు ఆయన కాలేయానికే వైరస్ జబ్బు వచ్చింది. మందు సరిగా దొరికేది కాదు. రక్తంలోని వైరస్ లెక్క మా ప్రోగ్రాం అచ్చువేసిన కాగితం మీదే వచ్చేది. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. ఒక శనివారం వచ్చిన కాగితంలో మొదటి గడి 8.9 నుంచి 1.2కి దిగింది. పక్క గడిలోని ఐదు, ఏడయింది. తొమ్మిది లక్షల లోపు ఉన్నది కోటీ ఇరవై లక్షలయిందన్నమాట.

మరునాడు ఆరాధనలో ఆయన భార్య రూతమ్మ పిన్ని లేచి నిలబడింది. "తగ్గినాదండీ! తొమ్మిదికి దగ్గర్లో ఉన్నది ఒకటికొచ్చినాది. దేవుడు ఇన్నాడు!"

బెంచీలన్నీ స్తోత్రం అన్నాయి. నేను సయా వైపు చూశాను. ఆయనా స్తోత్రం అని, అందరికంటే ముందు పాట ఎత్తుకున్నారు.

బయట మెట్ల దగ్గర ఆపాను. "పిన్నికి సెప్పరేటి సయా?"

"సెప్తాను. దాని కాడ దాపరికం నేదు. ఈ పూట మాత్రం కాదు. అది కడుపు నిండా కూడు తిని ఎన్నాళ్ళయిందో. ఇయ్యాల తిననీ."

"మరి స్తోత్రమెలా అన్నారు?"

"తగ్గించినాడని అన్నేదమ్మీ. ఆయన దేవుడని అన్నాను."

మర్నాడు పొద్దున్నే ఆమెకు చెప్పారట. ఆ వానాకాలం ఆయన దాటలేదు. నా ప్రార్థన ఎక్కడ పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగడం మానలేదు.

ఆరాధనలో ఎవరైనా లేచి మేలు జరిగిందని చెబితే, నాలోని లెక్కల మనిషి వెంటనే పక్క గడి కోసం వెతుకుతుంది. వెతకనిస్తాను. ఆమె వెతుకుతుండగానే నేను స్తోత్రం అనడానికి లేస్తాను. కొన్ని ఆదివారాలు లేచినదాన్ని మాట అనకుండానే మళ్ళీ కూర్చుంటాను. అప్పుడు పక్కనే ఉన్న రూతమ్మ పిన్ని నా చేయి పట్టుకుని తనే పాట ఎత్తుకుంటుంది.