పీడీఎఫ్‌లో మా అవ్వ పేరు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ వెటకారమే. మా రెంజల్ వైపు ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం గోళీ వేయండని చెప్పే మనిషిని. ఇప్పుడు నేను చెప్పేది విని మీరు నవ్వుకున్నా నాకేం కోపం రాదు.

రెండువేల దశకం మొదట్లో నిజామాబాద్ బస్టాండు దగ్గర ఖాదరన్న కంప్యూటర్ సెంటర్‌లో పని చేసేవాణ్ణి. ఒక బీడీ కంపెనీ గుమాస్తా, బీడీలు చుట్టే కార్డున్న ఆడవాళ్ల లిస్టు టైపు చేయించడానికి వచ్చాడు. చనిపోయినవాళ్ల పేర్లు తీసేయాలట. ఇకమీదట లిస్టులో ఉన్నవాళ్లకే ఆకు, తంబాకు ఇస్తారట.

మాకు అదే గండమైంది. మా అవ్వ, అంటే మా అమ్మ సాయవ్వ, పద్దెనిమిదేళ్లుగా మా మేనత్త గంగామణి కార్డు మీద బీడీలు చుడుతోంది. మేనత్త చనిపోయి కూడా అన్నేళ్లే. కార్డు ఒకరిది, చేతులు ఇంకొకరివి. మా దగ్గర చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. కార్ఖానాలో అందరూ అవ్వను గంగామణి అనే పిలిచేవారు, ఆమె పలికేది. ఆమె సొంత పేరు కంపెనీ కాగితాల్లో ఎక్కడా లేదు.

"అత్త పేరు తీసినకాడ నా పేరు రాయ్ బిడ్డా. ఎవలు సూస్తరు?" అంది మర్నాడు పొద్దున అన్నం పెడుతూ.

నేను పెద్ద సత్యసంధుణ్ణి కదా! కుదరదన్నాను. నిజానికి నౌకరీ పోతుందని భయం.

మా సెంటర్‌లో పేర్ల ఫైలు మార్చి సేవ్ చేస్తే పీడీఎఫ్ దానంతటదే మళ్లీ తయారయ్యేది. పక్కన తెరిచి పెట్టుకున్న పేజీ కూడా మారేది. మారేటప్పుడు రెండు మూడు సెకన్లు తెల్లబడి, తర్వాత అక్షరాలు వచ్చేవి.

పదకొండు గంటలకు మేనత్త పేరు తీసి సేవ్ చేశాను. పేజీ తెల్లబడింది. ఆ తెలుపులో ఒకే ఒక వరుస వచ్చింది. సాయవ్వ, మా బాపు పేరు, రెంజల్. మూడు సెకన్ల తర్వాత పూర్తి లిస్టు వచ్చింది. అందులో ఆ వరుస లేదు.

పాత ఫైలు మిగిలిపోయి కనిపించిందనుకుందామంటే, అందులో ఉండాల్సింది గంగామణి. సాయవ్వ అన్న పేరు నేను ఆ కంప్యూటర్లో ఒక్కసారి కూడా కొట్టలేదు. ఫైలంతా వెతికాను, లేదు. మళ్లీ సేవ్ చేశాను. మళ్లీ అదే వరుస వచ్చి పోయింది.

నా వెనక నిలబడ్డ ఖాదరన్న కూడా చూశాడు. "ఈ సాయవ్వ ఎవరు తమ్మీ? గిప్పుడే కనవడ్డది గదా!"

గుమాస్తా ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"నాకు తెల్వదన్నా," అన్నాను.

ఆ తర్వాత ఎన్నిసార్లు సేవ్ చేసినా ఆ పేరు రాలేదు. లిస్టు ప్రింటు తీసి ఇచ్చేశాను. నెల తిరగకముందే అవ్వ చేతిలోంచి కార్డు లాక్కున్నారు. ఆ తర్వాత ఆమె పక్కింటివాళ్ల కార్డు మీద చుట్టింది, వాళ్లు ఇచ్చినంత తీసుకుంది.

అది కంప్యూటర్ తప్పే అని చాలామంది చెప్పారు. అయి ఉండొచ్చు. ఎట్లా అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకూ ఈ రోజు వరకు తెలియదు.

చాలా ఏళ్లకు అవ్వతో ఈ సంగతి చెప్పాను, ఖాదరన్న అడిగిన మాటతో సహా. చుడుతున్న బీడీ చేతిలోనే ఆపి నా మొహంలోకి చూసింది.

"మరి నువ్వేమన్నవ్ బిడ్డా?"

"ఏమనలేదవ్వా," అన్నాను.