నీళ్ళక్క పాల పరీక్ష

పాల కేంద్రంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎదురుగా ఉంటే మేడమ్ అనేవారు, పక్కకు తిరిగితే నీళ్ళక్క అనేవారు. ఆమె నోట రోజూ వచ్చే మాట ఒకటే మరి: "నీళ్ళు కలిశాయి!" ఆ మాట అనడానికి ఆమెకు మొహమాటం లేదు. పాలు తెచ్చింది సొంత మేనమామ అయినా సరే, వీధి మొత్తానికి పెద్దమనిషి అయినా సరే, నీళ్ళు నీళ్ళే. పాలనూ నీళ్ళనూ విడదీసే హంస ఒకటుందంటారు. ఉంటే ఉండనివ్వండి, అది కూడా ఈ కేంద్రానికి వస్తే వరుసలో నిలబడాల్సిందే.

కేంద్రమంటే పెద్ద భవనమేమీ కాదు. రేకుల కప్పు వేసిన పొడుగాటి గది, ఎప్పుడు చూసినా తడిగా ఉండే సిమెంటు నేల, గోడవారన కాలువ. గుమ్మం దగ్గర క్యాన్లు తూచే కాటా, దాని పక్కన బల్ల, బల్ల మీద పాల నాణ్యం చెప్పే యంత్రం. ఆ యంత్రం నోట్లో కాసిని పాలు పోస్తే వెన్న ఎంత, నీళ్ళెన్ని అని అంకెలు చూపిస్తుంది. పాలు బాగుంటే నీళ్ళక్క సుద్దముక్కతో క్యాను మూత మీద టిక్కు కొడుతుంది. బాగాలేకపోతే అడ్డగీత. ఆ సుద్దముక్క ఎటు తిరుగుతుందోనని మీసాలు నెరిసిన మగవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి చూస్తారు.

చిన్నప్పుడు ఇదే కేంద్రంలో క్యాన్లు కడిగే పనికి కుదిరింది ఆమె. పాత పరీక్షకుడికి చూపు మందగించాక ఆ కుర్చీ ఈమెకొచ్చింది. ఆయన నేర్పిన మొదటి పాఠం ఇప్పటికీ పొద్దున్నే జపంలా చెబుతుంది: "అడుగు దాకా గరిటె పెట్టి కలపండి. కలపకుండా తీసింది శాంపిలే కాదు!" క్యానులో పైన మీగడ తేలుతుంది, కింద పల్చబడుతుంది. పైపైన ముంచితే ఒక లెక్క, అడుగున ముంచితే ఇంకో లెక్క. ఆమె మొగుడు పాల వ్యాను డ్రైవరు. అతను కొత్తగా వచ్చిన రోజే అతను తెచ్చిన క్యాన్లన్నింటి మీదా అడ్డగీతలు గీసింది. అతను గొడవపడ్డాడు. మర్నాడు మళ్ళీ వచ్చి గొడవపడ్డాడు. అలా పోట్లాడి పోట్లాడి పెళ్ళి చేసుకున్నారు.

పిల్ల కోసం చాలా ఏళ్ళు ఎదురుచూశారు. చివరికి పుట్టింది, బొద్దుగా, నల్లటి జుట్టుతో. బుడ్డి అని పిలుచుకున్నారు. కేంద్రం వెనక చిన్న గది ఉంది, అందులో మంచం వేసుకుని అత్తగారు పిల్లను చూసుకునేది. వేముల తీపూ అత్త మంచీ లేవంటారు గానీ, ఆ మాట అన్నవాళ్ళు ఈవిడను చూసి ఉండరు. పిల్ల కుయ్యిమంటే గోడ మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టేది. నీళ్ళక్క చేతిలో పని అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తేది. వరుసలో ఎంతమంది ఉన్నా సరే ఆగాల్సిందే. ఆ దెబ్బలు వినబడగానే ఆమెకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసేది. ఆ తడి చూసుకుని గర్వపడేది. "నా పాలకి టిక్కు నేనే కొట్టుకుంటాను" అనేది మొగుడితో. పిల్లకు ఎంతకాలం కావాలంటే అంతకాలం తన పాలే పట్టాలని ఆమె పంతం.

బుడ్డి కూర్చోవడం నేర్చి, మెత్తటి ముద్దలు నాలుక్కి రాసుకునే వయసొచ్చింది. అప్పుడు మొదలైంది తిరకాసు. పిల్ల రొమ్ము అందుకోవడం, నాలుగు గుక్కలు తాగి వదిలేసి ఏడవడం, మళ్ళీ అందుకోవడం. దూడ పొదుగుని కుమ్మినట్టు తలతో కుమ్మేది. గరిటె దెబ్బలు వినబడినా జాకెట్టు తడవడం లేదు. ఇలా రెండు మూడు రోజులు గడిచాక నీళ్ళక్కకు నెలసరి కనబడింది. కాన్పు తర్వాత అదే మొదలు.

"అదన్నమాట సంగతి" అంది అత్తగారు. "మా రోజుల్లో ముట్టు కనబడితే పిల్లకి పాలు మాన్పించేసేవాళ్ళం."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకో ఎవరడిగారే తల్లీ? మా అత్త మాన్పించమంది, మాన్పించాను. అడిగితే ఊరుకునే మనిషా ఆవిడ?"

నీళ్ళక్క నవ్వలేదు. పాడిలో పుట్టి పెరిగిన మనిషికి ఒక మాట తెలుసు, ఆ మాటంటే భయమూ తెలుసు: ఒట్టిపోవడం. ఆవు పాలు ఆగి ఒట్టిపోతే దాని వంక ఎవరూ చూడరు. తాను ఒట్టిపోతోందా? ఇంత ఆశగా కన్న పిల్లకు అప్పుడేనా?

ఇక్కడ ఇంకో తల్లి అయితే ఏం చేసేది? అమ్మనో, అక్కనో, నర్సునో అడిగేది. నీళ్ళక్క అడగలేదు. పరీక్ష చేసింది! చేతిలో యంత్రం పెట్టుకుని నోటిమాట నమ్మే రకమా ఆవిడ?

మధ్యాహ్నం కేంద్రం ఖాళీగా ఉన్నప్పుడు తలుపు గడియ పెట్టింది. పిల్ల ఇంకా తాగకముందే, నిలబడి, తలుపు ఎవరు తడతారోనని చెవి అటే వేసి, గ్లాసులోకి పిండింది. మొదట వచ్చిన కాసినే వచ్చాయి, ఆ తర్వాత ఎంత నొక్కినా రాలేదు. పల్చగా, కాస్త నీలంగా ఉన్నాయి. యంత్రంలో పోసింది. అంకెలు పడ్డాయి. వెన్న లేదన్నంత తక్కువ. ఆ కింద ఎర్ర అక్షరాలు: నీళ్ళు కలిశాయి.

యంత్రాన్ని కడిగి, మిగిలినవి పోసి మళ్ళీ చూసింది. మళ్ళీ అదే. బోర్లించిన క్యాను మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్ని వందలమందితో అన్న మాట అది! ఈరోజు అదే మాట తనను అంది, అదీ తన యంత్రమే అంది.

సాయంత్రం మొగుడితో చెప్పింది. "వచ్చేటప్పుడు పాలపొడి డబ్బా పట్రా. నావి నీళ్ళు."

"నీళ్ళేంటి? నర్సమ్మని ఒక్క మాట అడిగితే పోలా?"

"యంత్రం కంటే నర్సమ్మకి ఎక్కువ తెలుసా? అది నీలాగా నాలాగా అబద్ధాలు చెప్పదు."

"నేనెప్పుడు అబద్ధం చెప్పానే?"

"పెళ్ళికి ముందు తెచ్చిన క్యాన్లన్నీ అబద్ధాలే కదా!"

అతను వెళ్ళి డబ్బా తెచ్చాడు. డబ్బాపాలలో తప్పేం లేదు లెండి, అవసరమైనవాళ్ళకు అవే ప్రాణం పోస్తాయి. కానీ బుడ్డికి అవసరం ఉందా లేదా అన్నది ఎవరూ చూడలేదే! అత్తగారు చెంచాతో పట్టింది. పిల్ల సగం తాగి సగం ఉమ్మేసి, తల్లి వైపు రెండు చేతులూ చాచి ఏడ్చింది. ఆ ఏడుపుకి నీళ్ళక్క రొమ్ములు వాటంతటవే చేపాయి, జాకెట్టు తడిసింది. ఆమె మొహం తిప్పుకుని కొంగుతో ఒత్తుకుంది. అంత కఠినంగా ఎప్పుడూ లేదు పాపం, తన మీద తనకే కోపం.

మర్నాడు పొద్దున వరుసలో ఉన్నవాళ్ళకు పట్టపగ్గాల్లేకుండా తిట్లు పడ్డాయి. గరిటె సరిగ్గా తిప్పలేదని ఒకడికి, మూత మురికిగా ఉందని ఇంకొకడికి. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాలుగో మనిషి ఒంటావు పిన్ని. ఒక్క ఆవే ఆవిడ ఆస్తి కాబట్టి ఆ పేరు. ఆవిడ పాలు పోసింది, నీళ్ళక్క బాగా కలిపి యంత్రంలో వేసింది. వెన్న తక్కువ.

"నీళ్ళు కలిపావా పిన్నీ?"

"నీళ్ళు కలిపితే నా కళ్ళు పోవాలి! ఇంట్లో చిన్న దూడ ఉందమ్మా. ముందు పితికినవి నీకు తెచ్చాను, ఆఖరివి దానికి వదిలేశాను. అది మాత్రం బతకొద్దా?"

ఇక చూసుకోండి, నీళ్ళక్క లేచి నిలబడింది. "అదే కదా రోజూ మొత్తుకుంటున్నాను! ముందొచ్చేవి ఎప్పుడైనా పల్చనే. వెన్నంతా ఆఖర్నే దిగుతుంది. మొదటి పాలు రెండు చుక్కలు పట్టుకొచ్చి, ఇవీ మా ఆవు పాలు అంటే ఎలా? అది శాంపిలే కాదు! రేపెవడో ఈ అంకెలు చూసి నీ ఆవు మంచిది కాదంటాడు. ఆవుకేం లోపం లేదు పిన్నీ! ఆవుకేం..."

అక్కడ ఆగిపోయింది.

వరుసంతా ఆమె వైపే చూస్తోంది. నిన్న మధ్యాహ్నం తలుపు గడియ, చెవి తలుపు వైపు, గ్లాసులో మొదటి కాసిని పాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కలపకుండా తీసింది శాంపిలే కాదు. అదీగాక ఆ యంత్రానికి పశువుల పాల లెక్క తప్ప తల్లిపాల లెక్క తెలియదు. ఊరందరికీ చెప్పే పాఠం తన దాకా వచ్చేసరికి ఎలా మర్చిపోయింది!

"ఏమైందమ్మా?" అంది పిన్ని భయంగా. "అడ్డగీత గీసేస్తావా?"

"నేను బుడ్డిదాని నోరు కొట్టాను పిన్నీ" అంది నీళ్ళక్క. అందరి ముందూ గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది, నెలసరి దగ్గర్నుంచి డబ్బా దాకా. మగవాళ్ళు చెప్పుల వైపు చూసుకున్నారు. వరుస చివర గిన్నె పట్టుకుని పాలు కొనుక్కోవడానికి వచ్చిన నర్సమ్మ నిలబడి ఉంది. ఆవిడ నవ్వాపుకుంటూ ముందుకొచ్చింది.

"యంత్రానికి పాలు పోశావు గానీ నన్నొక్క మాట అడగలేకపోయావా? విను. నెలసరికి ముందు కొద్ది రోజులు, వచ్చాక మొదటి ఒకటి రెండు రోజులు, కొంతమందికి పాలు తగ్గినట్టుంటాయి. రుచి కూడా కాస్త మారొచ్చు. అందుకే పిల్ల చిరాకు పడుతుంది. పాలు చెడిపోవు, నీళ్ళైపోవు. నాలుగు రోజులు పోతే మళ్ళీ మామూలే."

"ఈలోగా దానికి చాలకపోతే?"

"అడిగినప్పుడల్లా పట్టు, ఇంకో రెండుసార్లు ఎక్కువే పట్టు. తొందరపెట్టకుండా తనంతట తాను వదిలేదాకా తాగనివ్వు. తాగేకొద్దీ ఊరతాయి. నిన్నలా మాన్పిస్తే మాత్రం నిజంగానే తగ్గుతాయి. గుడ్డలు ఎప్పటిలా తడుపుతోందా?"

"తడుపుతోంది. ఉతకలేక మా అత్త చస్తోంది."

"మరింకేం! అది తగ్గినా, బరువు పెరగకపోయినా పిల్లని తీసుకుని నా దగ్గరికి రా. అంతేగానీ ఆ పెట్టె దగ్గరికి కాదు."

సరిగ్గా అప్పుడు గోడ మీద గరిటె దెబ్బలు వినబడ్డాయి. నీళ్ళక్క సుద్దముక్క బల్ల మీద పడేసి లోపలికి పరుగెత్తింది. అత్తగారి చేతిలో చెంచా, ఒళ్ళో ఏడుస్తున్న పిల్ల. నీళ్ళక్క మంచం మీద చతికిలబడి పిల్లను గుండెకు హత్తుకుంది. బుడ్డి మొదట కుమ్మింది, వదిలేసింది, కోపంగా చూసింది. నిన్నటి అలక మరి! నీళ్ళక్క కదల్లేదు, వీపు నిమురుతూ కూర్చుంది. బయట పాలు తెచ్చినవాళ్ళు కబుర్లలో పడ్డారు. కాసేపటికి పాలు చేపాయి, గుటక గుటకకీ చిన్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడుకి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆమె తిరిగి వచ్చేదాకా ఒక్కరు కూడా విసుక్కోలేదంటే నమ్ముతారా? ఆమె వచ్చి ఒంటావు పిన్ని క్యాను మీద టిక్కు కొట్టింది. "నీళ్ళు లేవు. దూడ తాగింది, అంతే" అని అందరికీ వినబడేలా చెప్పింది.

ఆ తర్వాత రోజులు పూలపాన్పుల్లా ఏమీ గడవలేదు. పిల్ల మాటిమాటికీ అడిగేది, రొమ్ములు సలిపేవి, వరుస ఆగేది. మొగుడు వ్యాను దిగగానే ఆమె బదులు క్యాన్లు కాటా ఎక్కించేవాడు. నెలసరి ఆగేసరికి గరిటె దెబ్బలకు జాకెట్టు మళ్ళీ తడవడం మొదలైంది. తరువాతి నెల ఆ చిరాకు మళ్ళీ వచ్చింది. "డబ్బా తేనా?" అని మొగుడు అడిగితే, "నాలుగు రోజులు నువ్వు నోరు మూసుకో, బుడ్డిది నోరు తెరుస్తుంది" అంది. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగాక, "నీ మొగుడికి కూడా నేను మాన్పించకుండా ఇలాగే పట్టి ఉండాల్సింది" అంది మెల్లగా.

బుడ్డిని తూచమని పోరుపెట్టింది మాత్రం ఒంటావు పిన్నే. "మా పాలన్నీ తూస్తావు, మీ పాలు తూచొద్దా?" అంది. ఒకరోజు పొద్దున కాటా తుడిచి, మెత్తటి దుప్పటి పరిచి, వరుసంతా చూస్తుండగా పిల్లను కూర్చోబెట్టారు. నర్సమ్మ అంకె చూసి, పోయిన నెల తన దగ్గర తూచిన బరువు గుర్తు చేసుకుని తలాడించింది. "పెరిగింది. బాగా పెరిగింది!"

గోలగోలగా నవ్వులు. "పాసు! నీళ్ళక్క పాలు పాసు!" అని ఎవడో అరిచాడు, అరిచాక ఆ పేరు ఆమె ముందే అనేశానని నాలుక కరుచుకున్నాడు. నీళ్ళక్కకు కోపం రాలేదు. కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ పిల్లను ఎత్తుకుంది.

అప్పుడు ఒంటావు పిన్ని బల్ల మీది సుద్దముక్క తీసింది. ఆ సుద్దముక్క ఇంకొకరి చేతికి వెళ్ళడం అదే మొదటిసారి. పిన్ని నీళ్ళక్క భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, జాకెట్టు మీద పెద్ద టిక్కు కొట్టింది.

"ఇప్పుడు ఎవడైనా అడ్డగీత గీయమను చూద్దాం" అంది.

ఆ సాయంత్రం అత్తగారు జాకెట్టు ఉతకడానికి అడిగితే నీళ్ళక్క ఇవ్వలేదు.