మీరింకా డెమోలోనే ఉన్నారు

వీరవెంకటసత్యనారాయణ గారి లెక్కలో లోకంలో ఉన్నవాళ్ళు రెండే రకాలు: పాతవాళ్ళు, డెమోలో ఉన్నవాళ్ళు. కొత్తగా వచ్చింది మనిషైనా, వస్తువైనా, ఆఖరికి రైలైనా సరే, ఆయన దగ్గర డెమో పూర్తి చేసుకోవలసిందే. అలా పూర్తి చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, నాకు తెలిసి ఇంతవరకూ లేరు.

అమీర్‌పేట సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అక్కడి కోచింగ్ సెంటర్లలో ఏ కోర్సుకైనా మొదటి మూడు రోజులు పాఠం ఉచితం. దాన్నే డెమో అంటారు. సారు నచ్చితే చేరతారు, నచ్చకపోతే మెట్లు దిగి ఎదురు మేడ ఎక్కుతారు. మైత్రీవనం వెనక సందులో అలాంటి ఒక సెంటర్లో సత్యనారాయణ గారు ఇరవైమూడేళ్ళు అడ్మిషన్ కౌంటర్ చూశారు. పాఠాలన్నీ ఆన్‌లైన్లోకి పోయాక ఆ సెంటర్ మూతపడింది. ఆయన మాత్రం కౌంటర్ దిగలేదు.

ఆయన రోజూ తినే టిఫిన్ సెంటర్లో ఇడ్లీ మాస్టర్ మారి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ప్లేటు అందుకుంటూ, "కొత్తాయన పర్వాలేదు, చూద్దాం" అంటారు. ఈలోగా ఆ కొత్తాయనకి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దది నర్సరీకి పోతోంది. అమీర్‌పేట నుంచి మా పంజాగుట్టకి మెట్రోలో ఒక్కటే స్టేషన్. అయినా ఎండలో గొడుగేసుకుని నడిచే వస్తారు. ఎందుకండీ అంటే, మెట్రో ఇంకా డెమోలో ఉంది, తొందరపడి ఎక్కెయ్యకూడదు అంటారు.

నా పేరు అనుదీప్. నేను ఆయన దగ్గర డెమోలో పడి పదకొండు నెలలయింది.

నేను ఎలా పడ్డానో చెప్పాలంటే తారక్ దగ్గర మొదలుపెట్టాలి. వీడియో గేముల మీద తెలుగులో కబుర్లు చెప్పే 'ఆట ముచ్చట' అనే పాడ్‌కాస్ట్ వాడిదే. ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి కొత్త ఎపిసోడ్. వాడి గొంతులో ఏం మహిమ ఉందో గానీ, వారం వారం నాలుగు వేలమంది వినేవాళ్ళు. ఒకరోజు మాదాపూర్‌లో ఏదో పెద్ద కంపెనీవాళ్ళు వాడికి అద్దాల స్టూడియో చూపించారు. వాడు వెళ్ళిపోతూ తన మైకు, పాస్‌వర్డు నా చేతిలో పెట్టి, "ఏం లేదురా, మాట్లాడుకుంటూ పో, అంతే" అన్నాడు.

నేను మాట్లాడుకుంటూ పోయాను. వినేవాళ్ళు కూడా పోయారు. మొదటి నెలలో నాలుగు వేలు తొమ్మిది వందలయ్యాయి, సంక్రాంతికి మూడు వందలు, ఎండాకాలం వచ్చేసరికి అరవై ఒకటి. తారక్ ఎక్కడికి పోతే జనం అక్కడికి పోయారు. మొదటి ఎపిసోడ్ కింద వచ్చిన కామెంట్లు పదకొండు చదివాను. పన్నెండోది చదివే ధైర్యం చాలక ఆ పేజీ మళ్ళీ తెరవలేదు.

పంజాగుట్టలో ఆఫీసు వెనక సందులోనే నా గది. జంక్షన్ హారన్లు వినబడకుండా ఆదివారం మధ్యాహ్నం బీరువా తెరిచి, బట్టల మధ్య మైకు పెట్టి, తల లోపలికి దూర్చి మాట్లాడేవాణ్ణి. "ఫ్రెండ్స్, ఎలా ఉన్నారు?" అని అడిగితే ఎదురుగా నాలుగు చొక్కాలు, ఒక రగ్గు ఉండేవి. వారం మొత్తంలో ఆఫీసు పని కాకుండా నేను మాట్లాడే మాటలు ఆ గంటసేపే. అవీ చొక్కాలతో. చెప్పుకోవడానికి నవ్వులాటగా ఉంది గానీ, అప్పుడు మాత్రం చాలా ఒంటరిగా ఉండేది.

అలా మాట్లాడడం మొదలుపెట్టిన నెలలోనే, సందేహాలకని ఎపిసోడ్ చివర చెప్పే నా నంబరుకి వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో వచ్చింది. కోచింగ్ సెంటర్లలో సారుకి ఐదేసి మార్కులకి వేసే ఫీడ్‌బ్యాక్ ఫారం అది. పైన కోచింగ్ సెంటర్ అడ్రసు కొట్టేసి, బాల్‌పెన్నుతో ఒక గది నంబరు రాసి ఉంది. 'ఫ్యాకల్టీ పేరు: అనుదీప్ గారు (కొత్త). సబ్జెక్టు: గేమ్స్. స్పష్టత: 4. సందేహ నివృత్తి: 3. బోర్డు వర్క్: 0, బోర్డు కనిపించలేదు. రిమార్క్స్: డెమో నడుచుచున్నది.' కింద గుండ్రంగా సంతకం.

ఎవడో ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మరుసటి వారం మళ్ళీ వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. బోర్డు వర్క్ ఎప్పుడూ సున్నాయే. సందేహాల గడి మాత్రం నిండుగా ఉండేది. 'ప్రాణం పోతే మొదటినుంచి మొదలుపెట్టాలన్నారు. సప్లిమెంటరీ సౌకర్యం లేదా?' అని ఒకసారి. 'కోటలో తాళంచెవి ఎక్కడున్నదో రెండు వారాలైనా చెప్పలేదు. పోర్షన్ వెనకబడుచున్నది' అని ఇంకోసారి. తాళంచెవి సంగతి నేను నిజంగానే మర్చిపోయాను. పై వారం చెప్పాను. 'సందేహ నివృత్తి: 4' వచ్చింది. ఒక్క మార్కు పెరిగినందుకు ఆ రోజు బిర్యానీ తిన్నాను.

ఒక శుక్రవారం మా ఆఫీసు రిసెప్షన్ నుంచి ఫోన్ చేశారు. కిందికి వెళ్తే ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు, చేతిలో ఫైలుతో ఒక పెద్దాయన నిలబడి, "గేమ్స్ ఫ్యాకల్టీ గారు ఉన్నారాండీ?" అని అడుగుతున్నారు. మా ఆఫీసంతా నవ్వు. ముందురోజు పాఠం అయ్యాక ఆయన ఫోన్లో నెట్ పోయిందట. కాగితం లేటవకూడదని, ఏదో ఎపిసోడ్‌లో నేను చెప్పిన ఆఫీసు పేరు పట్టుకుని అమీర్‌పేట నుంచి నడిచి వచ్చారు. అంకుల్, కూర్చోండి అన్నాను. ఫ్యాకల్టీ కౌంటర్‌వాణ్ణి అంకుల్ అనకూడదని, పేరుకి గారు చేర్చి పిలవాలని చెప్పి, నన్ను మాత్రం ఇరవయ్యారేళ్ళవాణ్ణని చూడకుండా సార్ అని పిలిచారు.

టీ తాగుతూ తెలిసిందేమిటంటే, ఆయన జీవితంలో ఒక్క గేమ్ కూడా ఆడలేదు. ఇరవైమూడేళ్ళు గోడవతల ఎవరో ఒకరు పాఠం చెప్తూ ఉండగా కౌంటర్లో కూర్చున్న మనిషి. సెంటర్ మూతపడ్డాక గదిలో ఒక్కరే. సాయంత్రం ఏడయ్యేసరికి ఆ చప్పుడు లేక కాలు నిలవట్లేదట. ఏడింటి బ్యాచ్ కోసం ఫోన్లో వెతికితే తెలుగులో మాదొక్కటే దొరికింది. సబ్జెక్టు ఏదైతే ఏం, గొంతు వినబడుతుంది కదండీ అన్నారు.

నాకు ఎప్పట్నుంచో ఉన్న అనుమానం అడిగేశాను. తారక్‌కి ఎన్ని మార్కులు వేసేవారు?

"తారక్ సార్‌కీ నాలుగేనండి. పాపం, డెమో పూర్తవకుండానే వెళ్ళిపోయారు."

మరి అందరిలాగా మీరూ వాడి కొత్త షోకి పోలేదేం అంటే, తారక్ సార్‌కి నాలుగు వేలమంది ఉన్నారు, అక్కడ మనకి నిలబడ్డానికైనా చోటుంటుందా అన్నారు. నన్ను దెప్పుతున్నారనుకుని చిన్నబుచ్చుకున్నాను.

ఆఫీసులో నా ప్రొబేషన్ ఆర్నెల్లకే అయిపోయింది. ఈయన దగ్గర మాత్రం కాలేదు. ప్రతి కాగితం మీదా 'డెమో నడుచుచున్నది'. వినేవాళ్ళ సంఖ్య నలభైకి దిగిన వారం నాకు విసుగొచ్చింది. ఎవరికి కావాలి ఇదంతా? ఇంకొక్క ఎపిసోడ్ చేసి మూసేద్దామని నిశ్చయించుకున్నాను. పదకొండు నెలలుగా వదలకుండా కాగితం పంపిన మనిషికి ఫోన్లో చెప్పడం మర్యాద కాదనిపించి, గురువారం సాయంత్రం అమీర్‌పేట వెళ్ళాను.

జెరాక్స్ షాపు మీద మూడో అంతస్తులో గది. తలుపు తీసే ఉంది. లోపల ఒక మంచం, ఒక స్టవ్, గది మధ్యలో మాత్రం ముగ్గురు పట్టే చెక్క బెంచీ. సెంటర్ సామాన్లు అమ్మేటప్పుడు అడిగి తెచ్చుకున్నారట. సత్యనారాయణ గారు స్నానం చేసి, చొక్కా టక్ చేసుకుని, ఆ బెంచీకి ఒక చివర కూర్చున్నారు. మిగతా ఇద్దరి చోటూ ఖాళీగా వదిలారు. ఎదురుగా స్టూలు మీద స్టీలు గ్లాసులో ఫోను. గ్లాసులోంచి నా గొంతు ఖంగుమని వస్తోంది.

నేను నోరు తెరవబోయేసరికి వేలు పెదాల మీద పెట్టి, "క్లాసు నడుస్తోందండి, కూర్చోండి" అని మెల్లగా అన్నారు.

కూర్చున్నాను. నా పాఠం నేనే నలభై నిమిషాలు విన్నాను. నేను ఏదో జోకు వేశాను, అది బాగాలేదని నాకే తెలిసింది. సత్యనారాయణ గారు మాత్రం మర్యాదకి నవ్వి, నోట్‌బుక్‌లో రాసుకున్నారు. చొక్కాలు ఎప్పుడూ నవ్వలేదు. నా మాట వింటూ ఒక మనిషి తల ఊపడం నేను అదే మొదటిసారి చూశాను.

పాఠం అయ్యాక వచ్చిన పని చెప్పాను. వచ్చే వారం ఆఖరి ఎపిసోడ్ అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. టీ తెస్తానని ఫ్లాస్కు పట్టుకుని కిందికి దిగారు.

ఆయన మెట్లు దిగుతుండగానే జెరాక్స్ షాపు ఓదెలు కాగితాల కట్ట పట్టుకుని పైకి వచ్చాడు. ఇతను అదే సెంటర్లో అటెండరుగా చేసినవాడే. పాత ఫారాలు అయిపోతే ఇప్పుడు జెరాక్స్ తీసిచ్చేదీ ఇతనే. కట్ట మంచం మీద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వేనా డెమో సారువి? బంద్ చేస్తున్నవట, మెట్ల మీద మా సారు చెప్పిండు."

నేను నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. పదకొండు నెలలైనా ఆయనకి నేను నచ్చలేదు, ఇంకెవరికి నచ్చుతానని అన్నాను. ఓదెలు బెంచీ అంచు మీద కూర్చున్నాడు.

"నీకు సమజ్ కాలే తమ్మీ. మా సెంటర్ల ఒకపారి జావా సారు కోర్సు మధ్యల పోయిండు. కొత్త సారొచ్చిండు. వరంగల్ పిలగాడు, సాక్‌పీస్ పట్టుకొని బోర్డుకే పాఠం చెప్తుండె. అరవై మందిల నలుగురు మిగిలిన్రు. మా సారేం చేసిండో ఎర్కనా? కౌంటర్ బంద్ పెట్టి పోయి ముంగట బెంచీ మీద కూసున్నడు. రోజు కూసున్నడు. బోర్డు మీద 'డెమో 3 రోజులు' అని ఉంటే, మూడు పక్కన సున్న పెట్టిండు. డెమోల ఉన్నోణ్ణి ఎవ్వడు ఏమనొద్దు, తీసెయ్యొద్దు. గది సెంటర్ కానూన్. ఆ పిలగాడు గట్ల నిలబడ్డడు."

తర్వాత అతనే అడిగాడు, "కామెంట్లు సూస్తలేవా? మా సారు చెప్తుంటే నేనే టైప్ కొడ్తున్న గద."

పదకొండు నెలల తర్వాత ఆ పేజీ తెరిచాను. 'కొత్తోడి గొంతు నచ్చట్లే, తారక్ అన్న దగ్గరికి పోతున్నా' అని ఎవరో రాశారు. దాని కింద జవాబు: 'అయ్యా, కొత్త సారు డెమోలో ఉన్నారు. డెమో మధ్యలో బ్యాచ్ మారుటకు రూల్ లేదు. వచ్చే గురువారం ఏడు గంటలకు రాగలరు. నోట్‌బుక్ తెచ్చుకొనగలరు. ఇట్లు, వి.వి. సత్యనారాయణ, అడ్మిషన్ కౌంటర్.' నన్ను తిట్టిన ప్రతి ఒక్కరి కిందా అదే జవాబు. ఒకడు నాకు నోరు తిరగదన్నాడు. వాడికి మాత్రం అదనంగా ఒక వాక్యం: 'నోరు తిరుగును. ఓపిక పట్టవలెను.' లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు వందల దగ్గర ఆపేశాను. కళ్ళు సరిగ్గా కనబడలేదు.

సత్యనారాయణ గారు టీ తెచ్చారు. మూడు గ్లాసుల్లో పోశారు. ఫోను ఉన్న గ్లాసు కడిగి పోసింది నాకిచ్చారు.

"సత్యనారాయణ గారూ, నా డెమో ఎప్పటికి అవుతుంది?" అన్నాను.

ఆయన టీ ఊదుకుంటూ గోడకేసి చూశారు. "అవడం దేనికండీ సార్? అయిపోతే మర్నాడే ఉంచాలా తియ్యాలా అని కూర్చుంటారు. డెమోలో ఉన్నన్నాళ్ళే కదండీ మనిషి హాయిగా తప్పులు చేసుకునేది."

ఇడ్లీ మాస్టర్ గుర్తొచ్చాడు. నాలుగేళ్ళుగా ఆ మాస్టర్ ఇడ్లీ రాయిలా వచ్చినా, పప్పులా జారినా సత్యనారాయణ గారు ఒక్కమాట అనలేదు. చూద్దాం అన్నారు, తిన్నారు.

మూసేస్తానన్న సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు, ఆయనా అడగలేదు. ఆదివారం బీరువా తెరిచాను గానీ, ఈసారి చొక్కాలతో మాట్లాడలేదు. ముగ్గురు పట్టే బెంచీకి ఒక చివర టక్ చేసుకుని కూర్చున్న మనిషితో మాట్లాడాను. "అందరూ నోట్‌బుక్ తీయండి" అన్నాను. "పేజీ మధ్యలో కోట గీయండి. ఎడమ పక్క నది. నది మీద వంతెన గీయకండి, అది పోయిన వారమే కూలిపోయింది. ఇప్పుడు తాళంచెవి ఎక్కడుందో చుక్క పెట్టండి." కింద ఎవరో రాశారు, 'అడ్మిషన్ కౌంటర్ సార్ రమ్మంటే వచ్చాను, నది గీశాను' అని. వాళ్ళతో కలిపి ఆ వారం విన్నవాళ్ళు యాభై మూడు మంది.

గురువారం ఎనిమిదింటికి కాగితం వచ్చింది. 'స్పష్టత: 4. సందేహ నివృత్తి: 4. బోర్డు వర్క్: 2, ప్రయత్నం కనిపించినది. రిమార్క్స్: అనుదీప్ గారి డెమో మరి మూడు నెలలు పొడిగించడమైనది.' మూడు పక్కన, వేరే రంగు ఇంకుతో, ఒక సున్నా పెట్టి ఉంది.

ఆ కాగితం బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను. ఆఫీసులో కన్ఫర్మేషన్ లెటర్ ఎక్కడ పెట్టానో మాత్రం ఇప్పటికీ గుర్తులేదు.