నీళ్లు అడగని జొన్న

నీళ్లు అడగని జొన్న వచ్చిందన్న శుభవార్త బందరులో నాకు మొదట చెప్పింది మాకు పాలు పోసే రమణమ్మ. మెట్ట రైతుల కష్టం గట్టెక్కిందని ఆ సాయంత్రమే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే బస్సులో, ఒళ్లో చిన్న మూటతో లింగమ్మ నా పక్కన కూర్చుంది. ఆ విత్తనాన్ని శాస్త్రవేత్తలు పరీక్షించింది ఆమె మెట్ట చెలకలోనేనట.

"నెల రోజులు వాన లేదు బిడ్డా. పెద్ద సార్లు సూడనీకి వస్తున్నరంటే చిన్న సార్లు పరేషాన్ అయిండ్రు. ట్యాంకర్ తెచ్చి తడిపిండ్రు."

"నీళ్లు అక్కర్లేని పైరునా పెద్దమ్మా?"

"మరి ఎండితే ఇజ్జత్ పోదా? నీళ్లు అక్కర్లేదని బోర్డు పెట్టిండ్రు. బోర్డు కిందనే బురద!"

పైరును అంత ప్రేమగా చూసుకున్న చిన్న సార్లను దేవుడు చల్లగా చూడాలి.

లింగమ్మకున్నది బోరు లేని ఆ ఒక్క ఎకరమే. వచ్చే ఏడు ఆ జొన్న వేయాలా వద్దా అన్నది ఆమెకు తేలాలి. అందుకే చివరి సాలుకు అడ్డంగా నిలబడి, పైపు పక్కకు తిప్పించింది.

"'గిదొక్కటి నాకు ఇడిసిపెట్టుండ్రి సారూ' అన్న. సగం ఎండింది, సగం నిలబడ్డది."

పెద్ద సార్లు తడిసిన సాళ్ల దగ్గర ఫొటోలు దిగి, పరిశోధనను మెచ్చుకుని వెళ్లారట. ఎండిన సాలు వైపు ఎవరూ రాలేదు.

లింగమ్మ మూట విప్పింది. ఆ సాలులో నిలబడ్డ కంకులవి. చిన్నవే, గింజ మాత్రం గట్టిగా ఉంది. "ఈసారి గివే ఏస్త," అంది.

ఈసారి ఆమె చేనుకు ట్యాంకర్ రాదు. దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు లింగమ్మను ఒక్కసారి తలుచుకోండి.